కలిసి చావడమే ప్రేమా?

ప్రేమ కోసం ప్రాణమిచ్చిన స్త్రీలను కథల్లో చాలామందినే చూశాం. అదే ప్రేమ పేరుతో ఎదుటివాడి ప్రాణం అడిగే హక్కు ఆమెకుంటుందా? స్టాన్లీ క్వాన్ తీసిన కాంటొనీస్ చిత్రం ‘రూజ్’ (1987) ఈ ప్రశ్న దగ్గరికే తీసుకెళుతుంది.

1930ల హాంకాంగ్‌లో ఫ్లూర్ ఒక వేశ్య. డబ్బున్న ఇంటి కొడుకు చాన్ ఆమెను ప్రేమిస్తాడు. వాళ్లింట్లో ఒప్పుకోరు. ఇద్దరూ నల్లమందు మింగుతారు. చనిపోయింది మాత్రం ఆమె ఒక్కతే. యాభై మూడేళ్లు పరలోకంలో ఎదురుచూసి, దయ్యమై తిరిగొచ్చి, అతని కోసం పత్రికలో ప్రకటన వేయించబోతుంది.

ఇంతవరకూ ఇది మోసపోయిన ఆడదాని కథ. కానీ ఆ రాత్రి అతని మద్యంలో ఆమె నిద్రమాత్రలు కలిపిందని తర్వాత బయటపడుతుంది. ఆమెకు ఆశ్రయమిచ్చిన ఈ కాలపు యువతి ఇది హత్యేనని మండిపడుతుంది. ఆ కోపం న్యాయమే. అయితే ఫ్లూర్‌కు ఆ అపనమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది? బతికితే అతనికి వెనక్కి వెళ్లడానికి ఇల్లుంది, ఆస్తి ఉంది. ఆమెకున్నది ఆ వేశ్యాగృహమే. ఈ అసమానత ఆమె భయాన్ని అర్థం చేయిస్తుంది, నేరాన్ని మాఫీ చేయదు. ఆమెను త్యాగమూర్తినో రాక్షసినో చేసేస్తే మనకు సులువు. సినిమా ఆ సులువు మనకివ్వదు.

చివరికి చాన్ దొరుకుతాడు. సినిమాల్లో ఎక్స్‌ట్రాగా బతుకీడుస్తున్న ముసలివాడు. ఆమె శపించదు, వెంట తీసుకుపోదు. అతనిచ్చిన బుగ్గరంగు భరిణె అతని చేతిలోనే పెట్టి, ఇక ఎదురుచూడనని వెళ్లిపోతుంది. చావులో కూడా దొరకని స్వేచ్ఛ ఆమెకు ఆ క్షణంలో దొరికింది. అతణ్ణి వదిలేశాకే ఆమె తనకు తాను మిగిలింది.