క్రియాపదంలో ఆమె

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ‘స్వేచ్ఛ’ అంటే ఉచితమని కాదు. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ అర్థంలో అది ప్రోగ్రామును చదివి, మార్చి, పంచుకునే హక్కు. సాహిత్యం చదివిన నాకెందుకా హక్కు?

అలాంటి ఒక ప్రోగ్రాము తెలుగు అనువాదంలో ‘వాడుకరి ప్రవేశించాడు’ అని కనిపించింది. ప్రవేశించింది నేను కదా! ‘ప్రవేశించింది’ అని దిద్దుదామంటే, మన వ్యాకరణం ఆడమనిషినీ గేదెనూ ఒకే క్రియతో సరిపెడుతుంది. పరిటాలలో నాన్నను ‘ఆయన’ అన్నవాళ్లే అమ్మను ‘అది’ అనడం విన్నదాన్ని.

వికీపీడియాను నడిపే మీడియావికీలో వాడుకరి లింగాన్ని బట్టి మాట మారే ఏర్పాటుంది. కానీ ఆమె ముందుగా తానెవరో చెప్పుకోవాలి. పాత అనువాదంలో మగవాడికి ఆ అవసరమే రాలేదు.

వంటిల్లు సర్దాక కూర్చుని (దీన్ని ఖాళీ సమయం అంటారట) ‘ప్రవేశించారు’ అని దిద్ది పంపాను. చేర్చుకున్నారు. గౌరవవాచకం మాటున ఆమెను మళ్లీ కనిపించకుండా చేశానేమోనన్న అనుమానం మాత్రం నన్ను వదల్లేదు.