చింతచెట్టు మీది అతిథులు

వాక్యభాగము: యిర్మీయా 8:7, ద్వితీయోపదేశకాండము 22:6-7



యిర్మీయా ప్రవక్త పల్లెటూరివాడు. యెరూషలేము దాపుననున్న అనాతోతు ఆయన స్వగ్రామము. పల్లెవాడు గనుక తలయెత్తి ఆకాశము చూచుట ఆయనకు అలవాటు. ఆ దేశము మీదుగా ప్రతి వసంతకాలమున లక్షలకొలది కొంగలు ఆఫ్రికానుండి ఉత్తరమునకు పోవును, చలికి ముందు మరల దక్షిణమునకు వచ్చును. నేటికిని అట్లే పోవుచున్నవి. ప్రవక్త వాటిని చూచి, పిమ్మట తన ప్రజలను చూచి బాధపడెను. పక్షులకు తమ వేళ తెలియును గాని దేవుని ప్రజలకు ఆయన విధి తెలియదని ఆ వచన సారాంశము. ఈ వచనము మీద నేను చాలామారులు ప్రసంగించితిని. మొదటి ఇరువది సంవత్సరములు దాని బరువు తెలియకయే ప్రసంగించితినని ఇప్పుడు ఒప్పుకొనవలసియున్నది.

మాది ఇచ్ఛాపురము దాటి ఒడిశాలో, గంజాం జిల్లాలోని చిన్న పల్లె. ఇంటిలో తెలుగు, సంతలో ఒడియా, ప్రార్థనలో రెండును. మా పెరటివెనుక బీడుభూమి, దానికావల వరిమళ్లు. ట్రైనింగు ముగించి ఉపాధ్యాయుడనైన తరువాత పిల్లలను ఆ గట్లమీదికి తీసికొనిపోయి ప్రకృతి పాఠము చెప్పెడివాడను. పుస్తకము మూసి కన్నులు తెరువుడని వారితో అనెడివాడను.

ఎండకాలమున తీతువు పిట్ట ఆ బీడులో గులకరాళ్ల మధ్య గ్రుడ్లు పెట్టును. రాత్రివేళ అది అరచిన ఎవరో చనిపోవుదురని మన విశ్వాసుల ఇండ్లలో సైతము కొందరు భయపడుదురు. అది చావుకబురు కాదు. గ్రుడ్ల చెంతకు నక్కయో కుక్కయో వచ్చినదని తల్లి పెట్టు కేక. రోహిణికార్తె వెళ్లి మృగశిర వచ్చునప్పటికి గాలి మారును. తొలివానలు పడగానే ఎఱ్ఱని మఖమలు ముక్కలవలె ఆరుద్ర పురుగులు నేలమీద ప్రాకును. కప్పలు గొంతెత్తును. మళ్లలో నత్తలు పైకి వచ్చును. (కార్తెల పేరెత్తగానే పంచాంగము చెప్పుచున్నాడని ఎవరును అనుకొనవద్దు. రైతుబిడ్డకు అది వానల లెక్క మాత్రమే.)

ఆ నత్తల వెనుకనే కొంగలు దిగును. వీటిని నత్తగొట్టు కొంగలందురు. తెలుపు బూడిద కలిసిన దేహము, నల్లని రెక్కల అంచులు. ముక్కు మూసినను నడుమ సందు మిగిలియుండును. ఆ సందు పిల్లలకు ఉండదు, పెరిగిన కొలది ఏర్పడును. నత్తను చిప్పలోనుండి లాగుటకు ఆ ముక్కు ఎంత అనువుగానున్నదో చూచి తీరవలెను. వీటికి పాటలేదు, ముక్కులు టకటకలాడించుటయే వాటి పలకరింపు. ఆడమగ రెండును గూడు కట్టును, రెండును పొదుగును. ఎండ ముదిరిన వేళ తల్లియో తండ్రియో రెక్కలు విప్పి పిల్లలకు గొడుగు పట్టును. ఇచ్ఛాపురము వద్దనున్న తేలుకుంచిలో ఇవి జూన్‌లో వచ్చి, పిల్లలను పెంచుకొని, చలికాలము మొదట వెళ్లిపోవును. ఇవి సైబీరియానుండి వచ్చునని మా ప్రాంతములో అందరును చెప్పుదురు, బడిలో నేనును అట్లే చెప్పితిని. అది పొరపాటు. ఇవి మన దేశపు పక్షులే, నీటిని నత్తలను వెదకుచు తిరుగును. భరత్‌పూర్‌లో కాలికి ఉంగరము తొడిగిన ఒక కొంగ 800 కిలోమీటర్లు తూర్పున కనబడినది. పొట్టకూటికి ఊరు మారిన మనవంటివే అనుకొనుడి. నిజముగా ఉత్తరపు చలి తప్పించుకొని వచ్చునవి, వానలు వెనుకబట్టిన తరువాత కరెంటు తీగలమీద బారులు తీరు మంగలకత్తి పిట్టలు.

మా ఇంటి ముందర తాతగారి నాటి చింతచెట్టు ఉండెడిది. దానిమీద యేటేటా నలుబది గూళ్ల వరకు కట్టెడివి. వాకిలి నిండ రెట్టలు, చేపకంపు వంటి వాసన. మా అమ్మ మాత్రము ప్రతి ఉదయము కల్లాపి చల్లి, ఆ రెట్టలు ఎత్తి బీరపాదుకు వేసెడిది.

2010 ఆగస్టు మొదటి వారములో మా పెద్దమ్మాయి వివాహము నిశ్చయమైనది. అది ఆషాఢము. మనకు ఆ పట్టింపు లేదు గదా అని గొప్పగా చెప్పుకొంటిని. వియ్యాలవారు పట్నమువారు. పందిరి మీద రెట్టలు పడునని, వాసనకు భోజనము సయించదని, పెండ్లికి నాలుగు దినముల ముందు చెట్టు కొమ్మలు కొట్టించుటకు మనుష్యులను పిలిచితిని.

అమ్మ వీధి అరుగుమీదనుండి లేచి వచ్చినది. “ఒరే నాయనా, పిల్లల తల్లులురా అవి. పిల్లలు ఎగిరిపోయినాక కొట్టించుకో, నీ చెట్టేగదా” అన్నది. “పందిరి ఎవరికోసం ఆగుతుందమ్మా?” అంటిని.

సాయంత్రమునకు కొమ్మలు నేలనున్నవి. బ్రదికియున్న పిల్లలను అమ్మ గంపలోనికి ఎత్తినది, పదునొకండు. మళ్లనుండి నత్తలు తెప్పించి, రాతితో చితుకగొట్టి, వాటి నోటికి అందించినది. ఇంట పెండ్లి పనులు జరుగుచుండగా ఆమె పెరటిలో ఆ గంప దగ్గరనే కూర్చుండెను. పెండ్లినాటికి ఒకటియు మిగలలేదు. పెద్దకొంగలు రెండు దినములు చెట్టు చుట్టును తిరిగి వెళ్లిపోయినవి. పెండ్లి బాగుగనే జరిగినది. భోజనములు బాగున్నవని అందరును మెచ్చుకొనిరి.

మరుసటి సంవత్సరము జూన్‌లో మా అమ్మాయి పురిటికి వచ్చినది. వానలు పడినవి, నత్తలు వచ్చినవి. అమ్మ అరుగుమీద కూర్చుండి చెట్టువైపు చూచి, “మన పిల్ల పురిటికొచ్చింది. అవి రాలేదు” అన్నది. అంతే. నన్ను నిందించిన మాట ఒకటైనను ఆమె నోట నేను వినలేదు. ఆ దినమే ఆమె ప్రక్కన కూర్చుండి, తప్పు చేసితినమ్మా అని చెప్పవలసినది. నోటివరకు వచ్చినది. రేపు చెప్పుదునంటిని, మనుమడు పుట్టిన తరువాత అంటిని, క్రిస్మస్ వెళ్లిన తరువాత అంటిని. 2012 జనవరిలో ఆమె ప్రభునందు నిద్రించినది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరము దాటిన రాత్రి ఆ చింతచెట్టు వేళ్లతో కూడ పడిపోయినది. నాకు మిగిలినది వాకిలిలో ఒక గుంట.

ఆ తరువాత ఒకనాడు ద్వితీయోపదేశకాండము చదువుచు 22వ అధ్యాయమునొద్ద ఆగిపోతిని. త్రోవలో పిట్టగూడు కనబడినయెడల పిల్లలమీదనున్న తల్లిని పట్టవద్దని, దానిని విడిచిపెట్టుమని దేవుడు ఆజ్ఞాపించెను. దానితో క్షేమమును దీర్ఘాయుష్షును ముడివేసెను. ఇదే దీవెన అదే పుస్తకము 5:16లో తల్లిదండ్రులను సన్మానించుమను ఆజ్ఞకును కలదు. సీనాయి కొండ ఆజ్ఞకును, చెట్టుకొమ్మ ఆజ్ఞకును ఒకే దీవెన! సండే స్కూలు పిల్లలకు ఈ రెండును వేరువేరుగా బోధించిన నేను, ఒకే సాయంత్రమున రెంటిని మీరితిని.

యిర్మీయా చెప్పిన కొంగను మన తెలుగు బైబిలులో సంకుబుడి కొంగ అన్నారు. అది మా నత్తగొట్టు కొంగ కాదు, దాని జ్ఞాతి. హెబ్రీ భాషలో దాని పేరు హసీదా. అది కృప, నమ్మకమైన ప్రేమ అను అర్థముగల మాటకు చుట్టము. కాలము తెలిసియుండుట తెలివికి మాత్రమే సంబంధించినదని నేననుకొంటిని. ఆ పక్షి పేరులోనే అది ప్రేమకు సంబంధించినదని యున్నది. పిల్లల ఆకలి యే నెలలోనో, నత్త యే నెలలోనో కొంగకు తెలియును. తల్లికి ఒక మాట కావలసిన నెల ఏదో నాకు తెలియలేదు. ప్రియులారా, మన కుటుంబములు నాలుగు రాష్ట్రములలో చెదరియున్నవి. పొలము గట్టు తగవుతో మాటలు మానిన అన్నదమ్ములున్నారు. స్వగ్రామమున ముసలి మేనత్త ఉత్తరము కొరకో ఫోను కొరకో చూచుచుండును. సంక్రాంతి సెలవులకు చూతము, రిటైరైన తరువాత చూతము అనువారికి నేను ఉపదేశము చేయజాలను. నా వాకిలిలోని గుంట చూపగలను.

దేవుని క్షమాపణ నాకు లేదని కాదు. ఆయనయొద్ద కన్నీటితో ఒప్పుకొంటిని, సమాధానము పొందితిని. అయినను అమ్మ చెవికి చేరవలసిన మాట చేరలేదు.

కొంగలు అప్పుడే మా పొరుగువాని ఇంటి వెదురుపొదల మీదికి మారియుండెను. ఆయన ఒడియావాడు, మన మతస్థుడు కాడు. వాటిని గెండాలియా అని పిలుచును, వాటి రెట్టలు చేనికి ఎరువనును. నేను చేసినదంతయు ఎరిగియు ఒకనాడును ఎత్తిపొడవలేదు. కర్ణాటకలోని మన సహోదరులు మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు ఎరుగుదురు. అక్కడ చింతచెట్ల మీది కొంగలను పురిటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుదురు. తమిళనాడులోని వారు వేడంతాంగల్ చెరువు ఎరుగుదురు. పక్షుల రెట్టలు కలిసిన ఆ నీరు పైరుకు బలమని అక్కడి రైతులు తరతరములుగా వాటిని కాచుచున్నారు. వారిలో మన వాక్యము చదివినవారు ఎందరో నాకు తెలియదు గాని, 22వ అధ్యాయము నాకంటె బాగుగా నెరవేర్చినవారు.

2024 జూన్‌లో మా మందిరపు ఆవరణలోని రావిచెట్టు మీద మొదటిసారి తొమ్మిది గూళ్లు కట్టినవి. ఈ యేడు మరికొన్ని హెచ్చినవి. రేకుల కప్పు తెల్లబడినది, ఆరాధనవేళ టకటక శబ్దము. చెట్టు కొట్టించవలెనని సంఘకూటములో కొందరు లేచిరి. వారి మాట తప్పని నేననను. తెల్లచీర కట్టుకొని వచ్చిన అక్కగారి భుజముమీద రెట్టపడిన ఆదివారము నేనును అక్కడనే యుంటిని. అడవి పక్షుల గూళ్లు, గ్రుడ్లు పాడుచేయుట 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము నేరమని చెప్పితిని గాని, చట్టము విని ఎవరి ముఖమును మారలేదు. అప్పుడు గంప సంగతి చెప్పితిని. సంఘములో నేనది చెప్పుట అదే మొదలు. మా పెద్దమ్మాయి కూడ ఆ దినము కూటములోనుండెను. ఆమెకును అది తెలియదు.

చెట్టు సంగతి డిసెంబరులో, గూళ్లు ఖాళీయైన తరువాత మాటలాడుకొందమని తీర్మానమైనది. అంతవరకు యౌవనస్థులు ద్వారమునకు పైన టార్పాలిన్ కట్టిరి, ఆదివారపు బల్లలు వేపచెట్టు క్రిందికి మార్చబడినవి.