నాలుగో రోజు పొద్దున

ఆల్ప్స్‌లో మోఁ బ్లాఁ పర్వతం చుట్టూ ఏటా జరిగే పరుగు దాదాపు 170 కిలోమీటర్లు. గడువు 46 గంటల 30 నిమిషాలు. ఒకసారి బయల్దేరాక ఆగకపోవడమే అక్కడ పని. చీకటి పడితే నుదుటికి లైటు కట్టుకుని పోతూనే ఉంటారు. డార్జిలింగ్‌ దగ్గర సింగలీలా కొండల మీద 1991 నుంచి జరుగుతున్న హిమాలయన్ 100 మైళ్ల పరుగు దూరంలో దానికి కాస్త తక్కువ, అంతే. కాకపోతే దాన్ని ఐదు రోజులకు పంచారు: 24 మైళ్లు, 20, 26, 13, 17. రోజూ సాయంత్రానికి పోటీ ఆగుతుంది. వేడివేడిగా వండి పెడతారు, పడుకోనిస్తారు. పేరిస్తున్నానని చెబితే మా ఇంట్లో “పడుకోనిస్తారటగా, ఇంకేం!” అన్నారు.

ఆ పడుకోనివ్వడంలోనే ఉంది కష్టమంతా.

ఆగకుండా పరిగెత్తేవాడు నిర్ణయం ఒక్కసారే తీసుకుంటాడు. ఆ తర్వాత ఒళ్లు వేడి మీద ఉంటుంది, వెనకా ముందూ మనుషులుంటారు. మానేద్దామన్నా ముందు ఏదో ఒక మజిలీకి చేరాలి కదా అని నడుస్తూనే ఉంటాడు. ఐదు రోజుల పరుగులో ఆ నిర్ణయం రాత్రికి రాత్రే చల్లారిపోతుంది. తెల్లారాక రజాయి కింద పడుకుని మొదటి నుంచీ వాదించుకోవాలి. పైగా నిన్న లేని సాక్ష్యాలు ఇవాళ అవతలి పక్షానికి దొరికి ఉంటాయి: నల్లబడ్డ బొటనవేలి గోరు, వంగనంటున్న మోకాలు, గాలి చాలక సగంసగం పట్టిన నిద్ర.

దారి మానేభంజ్యాంగ్ అనే చిన్న బజారు ఊళ్లో మొదలవుతుంది. అక్కడి నుంచి సందక్‌ఫూ దాకా కొండ వెన్ను పట్టుకుని పోయే పాత బాట. 1848లో జోసెఫ్ హుకర్ మొక్కలు వెతుక్కుంటూ ఎక్కిన టోంగ్లూ ఈ దారిలోనే వస్తుంది. 1816 సుగౌలీ ఒప్పందంతో నేపాల్ తూర్పు హద్దు వెనక్కి జరిగాక ఈ కొండల వరసే సరిహద్దయింది. తుమ్లింగ్‌లో టీ తాగితే నేపాల్‌లో తాగినట్టు, కప్పు దించి నాలుగడుగులు వేస్తే మళ్లీ మన దేశం. సరిహద్దు కాసే ఎస్‌ఎస్‌బీ జవాన్లు కాగితాలు చూస్తారు గానీ మేఘాల్ని ఎవరూ అడగరు. 1950ల నాటి ల్యాండ్‌రోవర్లు ఇంకా ఈ రాళ్ల మీదే మనుషుల్ని మోస్తున్నాయి. కొంతమేర సిమెంటు పడింది. మిగతా చోట్ల పరిచిన పాత రాళ్లు ఒక్కోటీ ఒక్కో వైపు వాలి, అడుగు వేసినప్పుడల్లా మడమతో బేరమాడతాయి.

మొదటిరోజు నన్ను కుదిపింది గైరీబాస్. టోంగ్లూ 3,070 మీటర్లు. పొద్దున్నుంచీ రొప్పుతూ సంపాదించుకున్న ఎత్తు. అక్కడి నుంచి బాట తాపీగా దిగి గైరీబాస్‌లో 2,620 మీటర్ల దగ్గర వదిలేస్తుంది. పోయిందంతా మళ్లీ ఎక్కాలి, కాలిపోఖ్రీ చెరువు మీదుగా, బిఖేభంజ్యాంగ్ దాటి, నిట్టనిలువు మలుపుల్లో 3,636 మీటర్ల సందక్‌ఫూ దాకా. పశ్చిమ బెంగాల్‌లో అంతకు మించిన ఎత్తు లేదు. గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. ఈ బాట వేసినవాడి మీద కోపమొచ్చింది. కానీ ఇది పరుగు పందెం కోసం వేసింది కాదుగా. ఊరి నుంచి ఊరికి, విశ్రాంతి దొరికే చోటు నుంచి ఇంకో చోటుకి మనుషులు నడిచి నడిచి పడ్డ దారి. దిగడం నష్టంలా కనిపించిందంటే, మీటర్లు లెక్కపెట్టుకుంటున్నది నేనే కాబట్టి.

కాలిపోఖ్రీకి ముందు ఎక్కుడులో ఒక నడివయసు ఆవిడ నన్ను దాటి పోయింది. వీపున వెదురు బుట్ట, దాని బరువంతా నుదుటి పట్టీ మీద. నా రొప్పు విని వెనక్కి తిరక్కుండానే “బిస్తారై, దాజు” అంది. నెమ్మదిగా, అన్నా, అని. ఇలాంటిచోట మన యాత్రా రచయితలు వెంటనే సిగ్గుపడి ఒక పేరా రాస్తారు. నేను పడలేదు. ఆవిడ మానేస్తే ఇల్లు గడవదు, నేను మానేస్తే జీపు ఎక్కుతాను. నా వెనకాల ఎప్పుడూ జీపు ఒకటి వస్తోందని తెలియడమే నా కష్టాన్ని వేరే రకం చేసింది. మానుకునే వీలు లేనివాళ్లకు పొద్దున్నే వాదన ఉండదు. ఆవిడది గొప్పా నాది గొప్పా అని తూచబుద్ధి కాలేదు.

రెండో రోజు సందక్‌ఫూ నుంచి మోలే వైపు గట్టు మీద పోయి, అదే దారిన తిరిగి రావాలి. ఎవరెస్ట్, లోట్సే, మకాలూ, కాంచన్‌జంగా నాలుగూ కనిపించే దారి. ప్రపంచంలోని ఐదు ఎత్తైన శిఖరాల్లో కే2 ఒక్కటే తక్కువ. అయితే తల ఎత్తితే కాలు మడతపడుతుంది. చూడాలంటే ఆగాలి, ఆగితే గడియారం ఆగదు. నేను ఆగిన నిమిషాలన్నీ ఫలితాల పట్టికలో నా పేరు పక్కనే కలిసిపోయి ఉన్నాయి. ఎన్ని నిమిషాలు అలసటవో, ఎన్ని కాంచన్‌జంగావో విడదీసి చెప్పలేను.

మూడో రోజు పూర్తి మారథాన్. ఎక్కినవాళ్లంతా ఎదురుచూసే దిగుడు ఆ రోజే వస్తుంది. ఆ రోజు పరుగు ముగిసే రిమ్‌బిక్ సందక్‌ఫూ కంటే 1,300 మీటర్ల పైచిలుకు కింద ఉంటుంది. వెదురు పొదలూ రోడోడెండ్రాన్ చెట్లూ దాటుతూ పడుతూ లేస్తూ దిగుతాం. గుండెకు హాయిగా ఉంటుంది, తొడలకు తెలియదు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి. ఆ పనిలో కండరం లోపలి పోగులు దెబ్బతింటాయి. ఆ నొప్పి అప్పటికప్పుడు రాదు. మర్నాడు మొదలై రెండు మూడు రోజుల్లో ముదురుతుంది.

అందుకే నాలుగో రోజు పొద్దున రిమ్‌బిక్‌లో చూడాలి. మేమున్న లాడ్జిలో చెక్క మెట్లు. రకరకాల దేశాల నుంచి వచ్చినవాళ్లు, కొండలు ఎక్కి వచ్చిన మొనగాళ్లు, రెండు చేతులా రెయిలింగు పట్టుకుని వెనక్కి తిరిగి, పసిపిల్లలు మంచం దిగినట్టు ఒక్కో మెట్టూ దిగుతున్నారు. ఎవరూ నవ్వడం లేదు.

శివరాత్రికి నల్లమలలో నడిచి శ్రీశైలం వెళ్లేవాళ్లు గుర్తొచ్చారు. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. ఆ కొండ ఎక్కడానికి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించి దాదాపు ఏడు వందల ఏళ్లవుతోంది. వాళ్లూ రాత్రికి ఆగి, వాచిన కాళ్లతో తెల్లారే లేచేవాళ్లే. కానీ మొక్కుకున్నవాడు నిర్ణయాన్ని తన దగ్గర ఉంచుకోడు, మల్లన్న దగ్గర పెట్టేసి వస్తాడు. పొద్దున్నే దాన్ని తిరగదోడే హక్కు అతనికి లేదు. అది భక్తి మాత్రమే కాదు, మనిషి తన బలహీనతను ముందే ఎరిగి చేసుకున్న మంచి ఏర్పాటు. నాకు మొక్కు లేదు. కట్టిన ఫీజు ఉంది. అది మొక్కంత గట్టిదేమీ కాదు.

మరి ఆ పొద్దున ఎలా లేచానంటే, వాదనలో నెగ్గి మాత్రం కాదు. పక్క మంచం పెద్దాయన తన వేళ్లకు ప్లాస్టర్ చుట్టుకుని, మిగిలిన చుట్ట మాటామంతీ లేకుండా నా మీదికి విసిరాడు. చేతిలో పడింది కాబట్టి నేనూ చుట్టుకున్నాను. చుట్టుకున్నాక మేజోడు వేసుకోకపోతే ఊడిపోతుంది. మేజోడు వేసుకున్నవాడు ఉత్త కాళ్లతో టీకి పోడు. టీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చేసరికి బూట్లతో సహా బయల్దేరే గీత దగ్గర నిలబడి ఉన్నాను. లోపల వాదన ఇంకా నడుస్తూనే ఉంది. సంకల్పబలం అని మనం పుస్తకాల నిండా రాసుకునేదాంట్లో సగం పక్క మంచం చప్పుడేనని నా అనుమానం.

ఆ రోజు 13 మైళ్లే, ఐదింటిలోకీ చిన్నది. నాకు మిగతా నాలుగింటి కంటే పెద్దది అదే. ఐదో రోజు 17 మైళ్లు పరిగెత్తి బయల్దేరిన మానేభంజ్యాంగ్‌కే వచ్చాం.

వెళ్లాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, పోటీ మామూలుగా అక్టోబరు చివర్లో ఉంటుంది. సాధన కోసం అలిపిరి 3,550 మెట్లూ ఎక్కడం మనవాళ్లకు అలవాటే. ఎక్కి దర్శనం చేసుకుని బస్సులో దిగొచ్చేయకండి. దిగడం కూడా మెట్ల మీదే దిగండి, దిగిన మర్నాడు ఇంకోసారి వెళ్లండి.