ఇచ్చేది సాయమా, తీర్చేది బాకీయా?

ఊరు పోగొట్టుకున్న కుటుంబానికి మళ్ళీ బతుకుదెరువు చూపించడానికి నలుగురు ముందుకొస్తే దాన్ని మనం సాయం అంటున్నాం. బియ్యం మూటలు, దుప్పట్లు, కుట్టుమిషన్లు, మేకలు, శిక్షణ తరగతులు. ఇవన్నీ అవసరమైనవే. ఆకలిగొన్న మనిషి ముందు తత్వం మాట్లాడటం తగని పని. కాని తిండి పెట్టిన తర్వాతైనా ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇది దానమా, బాకీయా? దానం ఇచ్చేవాడు ఏమివ్వాలో, ఎంతివ్వాలో, ఎప్పుడు ఆపాలో తానే నిర్ణయిస్తాడు. తీసుకునేవాడు దండం పెట్టి ఊరుకోవాలి. బాకీ తీర్చేవాడికి ఆ వీలు లేదు. లెక్క అవతలివాడి దగ్గర కూడా ఉంటుంది. అతను అడగొచ్చు, ఇది చాలదని అనొచ్చు.

మా నల్లగొండ, పాలమూరు జిల్లాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. నీళ్ళు రాకముందే ఆ లోయలో బయటపడిన బౌద్ధ కట్టడాలను విప్పి, నాగార్జునకొండ మీదా అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. శ్రీశైలం జలాశయం నిండే వేళ కూడా అంతే. కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌కు తెచ్చి కట్టారు. ఆ పని చేసినవాళ్ళకు మేం చెయ్యెత్తి దండం పెడతాం. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో వాళ్ళు గుర్తుపెట్టుకున్నారు.

అదే లోయల నుంచి మనుషులు లేచినప్పుడు ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండాలో అంత శ్రద్ధగా రాసుకున్న చేతులు మాకు కనిపించవు. 1981లో పాలమూరు, కర్నూలు జిల్లాల ఊళ్ళను ఖాళీ చేయించి ఇళ్ళు కూల్చారు. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అన్న జీవో 98 వచ్చింది 1986లో. ఆ ఉద్యోగాల కోసం అర్జీలు పట్టుకుని దశాబ్దాలు తిరిగారు. అర్జీ పెట్టిన తండ్రి ముసలివాడయ్యాడు, కొడుకు గుంపు మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని ఇంకో రాష్ట్రంలో ఇంకో ఆనకట్టకు మట్టి మోయడానికి పోయాడు. పాలమూరు లేబర్ అన్న పేరు వెనక కరువు ఒక్కటే లేదు, ముంపు కూడా ఉంది.

బతుకుదెరువును తిరిగి నిలబెట్టాలంటే ముందు అది ఏమిటో తెలియాలి. నల్లమలలో చెంచు తేనె తీయడం చూడండి. కొండ చరియ మీదుగా తాడు వేలాడుతుంది. ఒకడు దాని మీద దిగుతాడు. పైన ఆ తాడును కాపాడేది అతని బావమరిది. అక్కచెల్లెలి బతుకు ఆ తాడు చివర ఉంది కాబట్టి అతను చెయ్యి వదలడని నమ్మకం. ఈ పనిలో తేనె ధర ఎంతో లెక్క కట్టొచ్చు. కొండ కొలత తీయొచ్చు. బావమరిదిని ఏ పద్దు కింద రాస్తారు? పెంటలోని కుటుంబాలను తలా ఒక చోట దింపితే తాడు మిగులుతుంది, పట్టుకునేవాడు మిగలడు.

తండా సంగతీ అంతే. లంబాడీకి ఆవు ఉంటే చాలదు, అది మేయడానికి బంచరాయి ఉండాలి, అది ఎవరి పంటలో పడితే ఆ తగువు తీర్చడానికి నాయక్, కారోబారి ఉండాలి, సీత్లా పండుగనాడు పశువులను దాటించడానికి తండాకు ఒక పొలిమేర ఉండాలి. వరుసలో కట్టిన కాలనీ ఇంటికి రెండు గేదెలిచ్చి ఉపాధి కల్పించామని రాసుకుంటే అందులో అబద్ధం లేదు, కాని నిజం సగమే ఉంది. గడ్డి కొనలేక ఏడాది తిరక్కుండా ఆ గేదెలను అమ్ముకుంటే, వీళ్ళకు ఎంతిచ్చినా నిలబెట్టుకోరనే మాట పడుతుంది. ఆ మాట మోయడం ఊరు పోవడం కన్నా బరువు.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. సాయానికి వచ్చిన యువజన సంఘమో, ఉపాధ్యాయుల బృందమో ఎవరి ఊరినీ ముంచలేదు. సెలవు రోజు, చేతి డబ్బు ఖర్చుపెట్టి వచ్చినవాళ్ళను బాకీదార్లని ఎట్లా అంటాం? అట్లా అంటే రేపు ఎవరైనా వస్తారా?

మా జవాబు ఇది. ముంచినవాడే బాకీ పడడు, ముంపు వల్ల బాగుపడినవాడూ పడతాడు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మాగాణులు పచ్చబడ్డాయి. 2004 నుంచి హైదరాబాద్ కుళాయిల్లోకి కృష్ణా నీళ్ళొస్తున్నాయి. పుట్టంగండి దగ్గర ఎత్తి, అక్కంపల్లి జలాశయం మీదుగా అవి నగరానికి పోతాయి. అదే జిల్లాలో మర్రిగూడ వైపు పల్లెలు ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయాయి. ఆనకట్టలు వద్దని మేం ఈ వ్యాసం రాయడం లేదు. ఆ కాలువ కింది కౌలురైతు కూడా పేదవాడే. ఆ అన్నం తిన్నవాళ్ళలో, ఆ నీళ్ళు తాగినవాళ్ళలో మేమూ ఉన్నాం. బాకీ అంటే నేరం మోపడం కాదు. మన పళ్ళెంలోకి వచ్చినదాని వెనక ఎవరి పళ్ళెం ఖాళీ అయిందో గుర్తుంచుకోవడం. ఈ మాట విని వెనక్కి పోయేవాళ్ళు కొందరుంటారు. నిలిచేవాళ్ళు మాత్రం పై నుంచి చూడరు, పక్కన కూర్చుంటారు.

లోకంలో వేరే చోట చూసినా ఇదే కనిపిస్తుంది. 2023 సెప్టెంబర్ చివరి వారంలో నాగర్నో-కారాబాఖ్ నుంచి లక్షకు పైగా ఆర్మేనియన్లు ఇళ్ళు వదిలి ఆర్మేనియాకు చేరారు. వాళ్ళు చేరింది తమ భాష మాట్లాడే దేశానికే. అయినా భాష కలిసినంత మాత్రాన పొలం రాదు, పొరుగు రాదు. సరిహద్దు దాటినవాడి కోసం 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది, శరణార్థి అనే పేరుంది. సరిహద్దు దాటకుండా, ఉన్న మండలంలోనే ఊరు లేనివాడైన మనిషిని ముంపు బాధితుడంటాం. యుద్ధం తరిమినా నీళ్ళు తరిమినా పొయ్యి మళ్ళీ మొదటి రాయి నుంచే పెట్టుకోవాలి.

బాకీ అనుకుంటే చేసే పని కూడా మారుతుంది. 2014 జనవరి 1 నుంచి అమలైన భూసేకరణ చట్టం పెళ్ళయినా కాకపోయినా, ఆడైనా మగైనా, మేజరైన ప్రతి ఒక్కరినీ వేరే కుటుంబంగా లెక్కించమంటుంది. భూమి కోల్పోయే షెడ్యూల్డ్ తెగల కుటుంబానికి పోయినంత భూమి గాని రెండున్నర ఎకరాలు గాని, ఏది తక్కువైతే అది ఇవ్వమంటుంది. భాష, సంస్కృతి చెదరకుండా వాళ్ళను ఒక్కచోటే ఉంచే ప్రయత్నం చేయమంటుంది. పెళ్ళికాని ఆడపిల్ల పేరు జాబితాలో ఎక్కిందా అని చూసిపెట్టడం కుట్టుమిషన్ ఇవ్వడం కన్నా తక్కువ సాయం కాదు. నక్కలగండి కింద, ఉదండాపూర్ కింద తండాలు ముంపు జాబితాలకెక్కిన కాలం ఇది. ఈ పని తెలిసిన చదువుకున్న పిల్లలు మన తండాల్లోనే ఉన్నారు.

పులుల అభయారణ్యం నుంచి లేచే కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీ పది లక్షలుండేది, 2021లో పదిహేను లక్షలైంది. ఇష్టపడితేనే లేవాలని చట్టం చెబుతుంది. బడి, వైద్యం, దారి లేకుండా ఏళ్ళ తరబడి ఉంచి, ఆ తర్వాత ఇష్టమేనా అని అడిగితే అవుననే మాటకు విలువెంత? సాయానికి పోయేవాళ్ళు పెంటకు వెళ్ళి ముందు అడగవలసింది ఏం కావాలని కాదు. ఉంటారా, పోతారా, పోతే ఎవరెవరు కలిసి పోతారు అని. కాదనే మాట వచ్చినా సాయం ఆగకూడదు. కాదంటే ఆగిపోయేది బేరం.

మన నాయక్‌లు పంచాయతీలో బాకీ లెక్క చూసేటప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టేవాళ్ళు, ఒకడిని గద్దె మీదా ఒకడిని నేల మీదా కాదు. ఊరు పోయినవాళ్ళ దగ్గరికి పోయే ప్రతి బృందాన్నీ మేం కోరేది అదే. మీరు తెచ్చిన సామాను దింపండి, కూర్చోండి, లెక్క వాళ్ళను చెప్పనివ్వండి.