గురువు ఋణము

ధ్యాన భాగము: 2 రాజులు 2:1–22



చర్ల, దుమ్ముగూడెము, బూర్గంపహాడు ప్రాంతపు పల్లెలనుండి మన పిల్లలు కొత్తగూడెమునకు, ఖమ్మమునకు వెళ్లి కళాశాలలలో చదువుచున్నారు. అక్కడ ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయురాలో వారిని పేరుపెట్టి పిలిచి, నీవు చదువగలవని ధైర్యము చెప్పియుండును. ఆ ఒక్క మాట బలముతో నిలబడినవారు మన సంఘములలోను ఉన్నారు. ఉద్యోగము దొరికిన తరువాత ఆ గురువును తలంచువారు ఎందరు? తలంచినను, ఆ ఋణము ఎక్కడ తీర్చవలెనో ఎరిగినవారు ఎందరు? ఈ నెల ఈ సంగతి ధ్యానింతము.

ఎలీషా పొలము దున్నుచుండగా ఏలీయా అతనిమీద తన దుప్పటి వేసెను. నాటినుండి ఎలీషా గురువును వెంబడించి, ఆయన చేతులమీద నీళ్లు పోయుచు పరిచర్య చేసెను. గురువు పరలోకమునకు ఎత్తబడినప్పుడు శిష్యుడు కేకవేసి తన బట్టలు చింపుకొనెను. పిమ్మట క్రిందపడిన దుప్పటిని తీసికొని ఏమి చేసెను? మడిచి పెట్టెలో దాచెనా? లేదు. యొర్దాను ఒడ్డుకు పోయి దానితో నీటిని కొట్టి, నది దాటి, యెరికోకు వెళ్లెను. అక్కడి జనులు త్రాగు చెడ్డ నీటిని దేవుని మాటచొప్పున బాగుచేసెను. ఏలీయా చేయక విడిచిన పని ఆయన శిష్యుని చేత జరిగెను.

మన తెలుగు దేశములో ఇట్టి గురువు ఒకరుండిరి. రాబర్టు నోబుల్ దొరగారు 1841లో మచిలీపట్నము వచ్చి, 1843లో పాఠశాల తెరచిరి. తిరిగి స్వదేశమునకు వెళ్లక, 1865లో ఆ ఊరిలోనే కన్నుమూసిరి. 1852లో ఆయన శిష్యులు మంచాల రత్నముగారు, ఐనాల భూషణముగారు బాప్తిస్మము పొందగా పట్టణములో కలవరము పుట్టెను. అనేకులు తమ పిల్లలను బడి మాన్పించిరి. అయినను గురువు బడి మూయలేదు. ఆ శిష్యులిద్దరును తరువాత సంఘ కాపరులైరి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానులో సముద్రము పొంగి దాదాపు ముప్పదివేలమంది మరణించిన ఆ పట్టణమును కూడ ఆయన విడువలేదు. నేటికిని ఆయన పేరున కళాశాల నిలిచియున్నది.

అయితే ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. ఆ పాఠశాల ఉన్నత కులముల పిల్లలకొరకు ఏర్పడినది. మన తాతముత్తాతల పిల్లలకు ఆ బల్లలమీద చోటు లేకపోయెను. కృతజ్ఞతపేరట దీనిని దాచవలెనా? బదరీవృక్షము క్రింద ఏలీయా నిరాశతో చావు కోరెనని లేఖనము దాచలేదు. దానివలన ఏలీయా మనకు చిన్నవాడు కాలేదు. గురువు చేసినదానికి స్తోత్రము చెల్లింతము. ఆయన చేయక విడిచినదానిని మన పనిగా ఎంచుకొందము.

ఆ మిగిలిన పనికి దేవుడు మనుష్యులను లేపెను. నోబుల్ దొరగారిని పంపిన చర్చి మిషనరీ సొసైటీయే, గోదావరి ఆనకట్ట పనులలో ఉన్న హేగ్ దొరగారి ప్రోత్సాహమువలన, 1860 తరువాత దుమ్ముగూడెములో కోయవారిమధ్య పని మొదలుపెట్టెను. మదరాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లరు దొరగారి కాలమున చదివిన అజరయ్యగారు 1912లో దోర్నకల్ బిషప్పు అయిరి. మిల్లరు దొరగారు జీవించియుండగానే వారి శిష్యులు మదరాసులో వారి విగ్రహము నిలిపిరి. అది మంచిదే. అజరయ్యగారు తమిళులైయుండియు తెలుగు నేర్చుకొని, తాము పొందిన చదువును మాల మాదిగ పేటలలో వెచ్చించిరి. పల్లెపల్లెకు ఉపాధ్యాయులను పంపిరి. మనలో అనేకుల ఇండ్లలో మొదటి అక్షరము అట్టి బడిలోనే దిద్దబడినది.

ప్రియులారా, నేడు మన ఎదుట ఏ నది ఉన్నది? కోయ బిడ్డ ఇంట కోయ మాట వినును. బడిలో పుస్తకము తెలుగున ఉండును. మొదటి దినముననే ఆ బిడ్డకు నోట మాట రాదు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ కలతలవలన అడవి దాటి వచ్చిన కుటుంబముల పిల్లలకు ఈ కష్టము మరింత ఎక్కువ. ఏమియు తెలియని మొద్దు అని ఆ బిడ్డను పిలువుట సులభము. మనలను అట్లు పిలువని గురువువలననే గదా మనము చదువుకొంటిమి!

కాబట్టి రెండు పనులు చేయుదము. మొదటిది, మన గురువు బ్రదికియున్నయెడల వెళ్లి చూతము, లేదా ఒక ఉత్తరము వ్రాయుదము. పదిమంది కుష్ఠరోగులు బాగుపడగా ఒక్కడే తిరిగివచ్చెను; తక్కిన తొమ్మండుగురు ఎక్కడని ప్రభువు అడిగెను. పింఛను పుచ్చుకొని ఇంట కూర్చున్న వృద్ధ ఉపాధ్యాయునికి శిష్యుని పలకరింపు ఎంత ఆదరణయో!

రెండవది, సాయంకాలము గుడి తలుపు పిల్లల చదువుకొరకు తెరచియుంచుదము. కోయ, తెలుగు రెండును ఎరిగిన యౌవనస్థులు ఒక గంట కూర్చుండి చెప్పినయెడల, పుస్తకములోని మాట ఆ బిడ్డ గుండెకు చేరును. మన కులమా, మన సంఘమా అని అడుగవద్దు. ఆ ప్రశ్నవలన మన పెద్దలు ఎన్ని తలుపుల వెలుపల నిలిచిరో మనకు తెలియును.

ప్రభువా, మాకు చదువు చెప్పినవారిని జ్ఞాపకము చేసికొనుము. వారి దుప్పటి మా చేతిలో ఉన్నది. నది దాటుటకు మాకు ధైర్యమిమ్ము. ఆమేన్.