మెత్తని మాట ఎవరి కోసం?

బోర్డు మీద మూడు మాటలు రాశాను: శిల, రాయి, బండ. శిల అనగానే ఏం గుర్తొస్తుందని అడిగితే గుడి అన్నారు, శిల్పం అన్నారు. రాయి దగ్గర పెద్దగా ఎవరూ ఏమీ అనలేదు. బండ దగ్గరికొచ్చేసరికి నేను ముందే సిద్ధం చేసుకున్న ఉదాహరణలు బయటికి తీశాను: బండమనిషి, బండమాట, బండబూతు. "చూశారా, మూడింటి అర్థం దగ్గరదగ్గరే. కానీ ఒక మాటకి గౌరవం ఉంది, ఇంకోదానికి లేదు" అన్నాను. వెనక బెంచీలోంచి ఒక పిల్లాడు లేచాడు.

"మా నాయిన బండల పనికే పోతడు సార్. మా దిక్కు బండ అంటే తిట్టు కాదు, పైసలు."

అది తాండూరు. నాపరాయి గనులకీ, పాలిష్ యూనిట్లకీ పేరుపడ్డ ఊరు. మేం నిలబడ్డ గది నేల కూడా ఆ బండలతో పరిచిందే. మాటకి అర్థం నిఘంటువులోనే కాదు, అది పలికే ఊళ్ళో కూడా ఉంటుందని చెప్పడానికి వెళ్ళినవాణ్ణి నేను. ఆ సంగతి నాకే ఒక తొమ్మిదో తరగతి పిల్లాడు చెప్పాడు.

మాది వికారాబాద్. ఉద్యోగం హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్. తాండూరులో టీచరుగా ఉన్న స్నేహితుడు "పుస్తకాల మీద ఏవేవో రాస్తుంటావు కదా, మా పిల్లలకి రెండు శనివారాలు మాటల గురించి చెప్పు" అంటే సరేనన్నాను. వికారాబాద్ నుంచి రైల్లో గంట కూడా పట్టదు.

బండ దగ్గర దెబ్బ తిన్నాక పద్ధతి మార్చాను. నేను చెప్పడం మానేసి వాళ్ళనే అడిగాను: మనిషి పోతే మీ ఇళ్ళల్లో ఏమంటారు? చచ్చిపోయిండు, పోయిండు, కాలం చేసిండు. ఒకమ్మాయి ఇంతెకాల్ అంది. ఇంకొకడు తీరికొండరు అన్నాడు, కన్నడం. మరొకరు లింగైక్యం అన్నారు. 1956 దాకా తాండూరు గుల్బర్గా జిల్లాలో తాలూకా. రాష్ట్రాల సరిహద్దులు మార్చి గీసినప్పుడు ఇటు వచ్చింది. గీత మారింది గానీ ఇళ్ళల్లో మాటలు మారలేదు. ఒక్క చావుకి బోర్డు సగం నిండింది.

"వీటిలో ఏది కరెక్ట్ సార్?" అనడిగారు. ఏది సరైనదనేది కాదు, ఎవరు ఎవరి గురించి ఎవరితో అంటున్నారన్నది చూడాలి అన్నాను. అంతవరకు బాగానే ఉంది. ఆ ఊపులో మెత్తని మాటల దగ్గరికి వెళ్ళాను. దీపం ఆరిపోయింది అనకుండా కొండెక్కింది అంటారు. వెళ్తాను అనకుండా వెళ్ళొస్తాను అంటారు. బియ్యం అయిపోయాయి అనకుండా నిండుకున్నాయి అంటారు.

"మా ఇంట్ల ఒడిసినయ్ అనే అంటరు సార్" అన్నారు చాలామంది. ఒకమ్మాయి మాత్రం తన నాయనమ్మ నిండుకున్నయ్ అంటుందని చెప్పి, వెంటనే అడిగింది: "డబ్బా ఖాళీ అయితే నిండింది అనుడు అబద్ధం కాదా సార్?"

అది మర్యాద, సంస్కారం, భాష అందం అని ఏదో చెప్పాను. బెల్లు కొట్టారు కాబట్టి బతికిపోయాను.

రైల్లో తిరిగొస్తుంటే ఆ ప్రశ్న నాతోనే వచ్చింది. దాని వెనకాలే ఇంకోటి వచ్చింది. కిందటేడు మా టీములో నలుగుర్ని తీసేశారు. ఎవరెవరు అన్న జాబితా ఇచ్చింది నేను. మిగతావాళ్ళకి ఆ సంగతి చెప్పే మెయిల్ రాసిందీ నేనే. నీకు రాయడం వచ్చు కదా అని నాకే అప్పగించారు. శ్రద్ధగా రాశాను. తీసేశాం అన్న మాట ఎక్కడా లేదు. మారుతున్న ప్రాధాన్యాల దృష్ట్యా కొందరు సహచరులు తమ తర్వాతి ప్రయాణం వైపు సాగుతున్నారు, ఇలా నడిచింది ఆ ఇంగ్లీషు. చాలా హుందాగా ఉందని మెచ్చుకున్నారు కూడా. నాకు సంతోషం వేసింది, అబద్ధమెందుకు.

ఆ నాయనమ్మ చేసిందీ నేను చేసిందీ ఒకటేనా? పైకి చూస్తే ఒకటే. ఇద్దరం లేని దాన్ని ఉన్నట్టు, పోయినదాన్ని వచ్చినట్టు చెప్పాం. వ్యాకరణం దగ్గర గానీ అలంకారం దగ్గర గానీ తేడా దొరకదు. తేడా మాటలో లేదు. ఖాళీ డబ్బా ఆవిడది. ఆకలి ఆవిడ ఇంటిది. ఆ లోటుని ఏ పేరు పెట్టి పిలవాలో నిర్ణయించుకునే హక్కు ఆవిడకుంది. నా మెయిల్లో లోటు నాది కాదు. ఇంకొకరి ఉద్యోగం పోతే దాన్ని ప్రయాణం అని పిలిచాను.

ఇంకో తేడా కూడా ఉంది. నిండుకున్నాయి అనగానే ఇంట్లో ఎవరో ఒకరు సంచీ పట్టుకుని కొట్టుకి బయల్దేరతారు. సంగతి దాచలేదు, చేరాల్సినవాళ్ళకి చేరింది. నా మెయిల్ చదివినవాళ్ళు మాత్రం ఒకరి క్యూబికల్ దగ్గరికి ఒకరు వెళ్ళి "అంటే తీసేశారా?" అని గుసగుసగా అడుక్కున్నారు.

కాబట్టి మెత్తని మాట కనిపించిన ప్రతిచోటా నిజం, అబద్ధం అన్న త్రాసు తెస్తే పని జరగదు. ఆ మెత్తదనం ఎవరి నొప్పి తగ్గించడానికి? ఆ మాట విన్నాక వినేవాడికి జరిగింది తెలుస్తుందా, లేదా? ఈ రెండూ అడగాలి. జార్జ్ ఆర్వెల్ 1946లో రాజకీయాల ఇంగ్లీషు మీద రాసిన వ్యాసంలో బాంబులు వేయడానికి కూడా శాంతి పేరు పెట్టే భాష గురించి కోప్పడ్డాడు. అక్కడ మెత్తదనం కావాల్సింది బాంబు వేసినవాడికే. మన దగ్గర 2015 చివర్లో ప్రధాని 'దివ్యాంగ్' అన్న మాట తీసుకొస్తే, పేరు మారిస్తే మా బతుకు మారుతుందా అని కొన్ని వికలాంగుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మాటలో చెడ్డతనం ఏమీ లేదు. కానీ ఆ పేరు ఎవరికి పెడుతున్నారో వాళ్ళని అడిగారా అన్నది వాళ్ళ ప్రశ్న.

ఆ నలుగురిలో ఒకతని నంబరు నా దగ్గర ఇంకా ఉంది. ఆదివారం ఫోన్ చేసి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, "ఆ జాబితా ఇచ్చింది నేనే" అని చెప్పాను. రెండు క్షణాలు ఆగి, "తెలుసన్నా" అన్నాడు. వేరే ఉద్యోగం దొరికిందట. ఇంకేమీ అనలేదు. నేను అంత కష్టపడి కూర్చిన మెయిల్ అతని దగ్గర ఏమీ దాచలేకపోయింది. అది దాచింది నన్ను, నా దగ్గర్నుంచే.

రెండో శనివారం కొత్త వాక్యం తీసుకెళ్ళాను: "పనివాళ్ళని తొలగించడం జరిగింది." మన ఆఫీసు తెలుగుకి ఈ 'జరిగింది' అంటే మహా ఇష్టం. ఆదేశాలు జారీ చేయడం జరిగింది, దరఖాస్తు తిరస్కరించడం జరిగింది. వాన పడినట్టు అన్నీ వాటంతట అవే జరుగుతుంటాయి, ఎవరూ ఏమీ చెయ్యరు. కోడ్‌లో ఏదైనా విరిగితే ఏ లైన్ ఎవరు మార్చారో వెతికి పట్టుకుంటాం. ఈ వాక్యంలో ఆ వీలు లేదు. "ఇందులో పని చేసిందెవరో కనిపించేట్టు మార్చి రాయండి" అన్నాను.

"సేటు పనోళ్ళను తీసేసిండు" అని చాలామంది రాశారు. ఒకమ్మాయి "సేటు తీసేసిర్రు" అని రాసింది. తీసేసినవాడికి గౌరవం ఎందుకని పక్కవాళ్ళు నవ్వారు. వాక్యంలోకి మనిషి రాగానే 'డు'నా 'రు'నా అన్న తగువు కూడా వచ్చేసింది. తెలుగులో మనిషిని లోపలికి పిలిస్తే, ముందు ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకోవాలి. నాకు పాఠం గెలిచినట్టనిపించింది.

బండ అంటే పైసలన్న పిల్లాడి కాగితం చివర్న దొరికింది. వాక్యం ఏమీ మార్చలేదు. తొలగించడం జరిగింది అనే ఉంది. అర్థం కాలేదేమోనని దగ్గరికి వెళ్ళి అడిగాను.

"అర్థమైంది సార్. మా నాయినను పోయిన నెల బంద్ చేసిర్రు. మళ్ళ పిలుస్తమన్నరు." కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నేను పేరు రాస్తే ఎవలన్న జూస్తరు."

జరిగింది అన్న మాట వెనక పెద్దవాళ్ళు దాక్కుంటారని అప్పటిదాకా క్లాసుకి చెబుతూ వచ్చాను. ఈ పిల్లాడు కూడా అదే మాట వెనక నిలబడ్డాడు, వేరే భయంతో. నా రెండు ప్రశ్నలూ అతనికి వర్తిస్తాయి. ఆ వాక్యంలోని నొప్పి అతనిదే. జరిగింది ఏమిటో అతనికి తెలుసు, ఇప్పుడు నాకూ తెలుసు.

మిగతా కాగితాలన్నిటి మీదా టిక్కు పెట్టాను. అతని కాగితం అడగలేదు.