గడప యొద్ద శునకము

రాయలసీమలో తిరుగుటకు ధనుర్మాసము మొదలుకొని ఫాల్గునము వచ్చువరకు గల కాలము అనువైనది. వేసవిలో కర్నూలు, కడప ప్రాంతములందు ఎండ 40 డిగ్రీలు దాటును; బండలు కాలును; బాటసారికి నీడ దొరకదు. శీతకాలమున నల్లరేగడి చేలలో శనగయు జొన్నయు పచ్చగా నిలిచియుండగా, ఉదయపు చలిలో రెండు క్రోసులు నడచినను అలసట తెలియదు. అహోబిలేశుడు కూడ ఈ ఋతువున గుడిలో కూర్చుండడు. కనుమనాడు పారువేటకు బయలుదేరి, జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఉత్సవమూర్తులు ఒక్క పల్లకిలో 40 దినములకు పైగా, 30కి పైబడిన పల్లెలు తిరుగుదురు. తన కల్యాణమునకు రండని స్వామి ఊరూర స్వయముగా పిలిచి, ఫాల్గున బ్రహ్మోత్సవముల వేళకు మరల కొండక్రిందికి చేరును. స్వామియే ఇల్లు విడిచి తిరుగు ఋతువున భక్తుడు ఇల్లు విడుచుట వింత కాదు.

పూర్వము ఈ దారులలో యాత్రికులు కాలినడకనో, ఎద్దుబండ్ల మీదనో వచ్చెడివారు. తరువాత బస్సులు వచ్చినవి. ఇప్పుడు మరియొక విధము కనబడుచున్నది. ఉద్యోగవిరమణ చేసిన దంపతులు, పిల్లలు దూరదేశములందు స్థిరపడగా ఇంట ఇద్దరే మిగిలినవారు, ఒక వ్యానులో పరుపు, గ్యాసు పొయ్యి, నీళ్ళ డబ్బాలు అమర్చుకొని నెల, రెండు నెలలు తిరుగుచున్నారు. యాగంటి, మహానంది, అహోబిలము, బెలుము గుహలు, పెన్న కోసిన లోయ అంచున నిలిచిన గండికోట, పుష్పగిరి, ఒంటిమిట్ట - పగలు కొండలెక్కుట, రాత్రి బండిలోనే పండుకొనుట. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రమున క్వార్ట్‌జ్‌సైట్ అను చిన్న ఎడారి పట్టణము కలదు. ఉత్తరపు మంచు తప్పించుకొనుటకు ప్రతి శీతకాలమున అక్కడికి వేలకొలది ఇండ్లబండ్లు చేరును. వృద్ధులు నెలల తరబడి ఆ ఇసుకలోనే కాలము గడుపుదురు. అక్కడి బండ్లలోను, ఇక్కడి బండ్లలోను తరచుగా మూడవ యాత్రికుడొకడు ఉండును. అది ఇంటి కుక్క. దానికి కూడు పెట్టుటకు ఇంట ఎవరును లేరు గనుక వెంట వచ్చినది.

దారి పొడవున చిక్కు లేదు. కోవెల యొద్దకు వచ్చునప్పటికి చిక్కు పుట్టును. కడప అను పేరు గడప నుండియే వచ్చినదనియు, ఉత్తరమునుండి తిరుమలకు పోవువారికి దేవుని కడప తొలి గడప యనియు పెద్దలు చెప్పుదురు. ఆ గడప యొద్ద వెంట వచ్చిన శునకము ఏమి కావలెను?

కొందరు శునకమునకు యాత్రలో తావే లేదందురు. అది అశుచి, దానిని తాకినచో స్నానము చేయవలెనని ముగింతురు. మరికొందరు, సర్వభూతములందు భగవంతుడున్నప్పుడు దానిని లోపలికి ఏల రానీయరని ద్వారపాలకునితో తగవులాడుదురు. రెండవవారికి ప్రమాణములు లేకపోలేదు. భగవద్గీత అయిదవ అధ్యాయమున పండితుని సమదర్శనమును చెప్పుచు గోవు, ఏనుగులతోపాటు శునకమును కూడ పేర్కొన్నది. కడప సీమలోని తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యులు (1408-1503) బ్రహ్మమొక్కటే యను కీర్తనలో ఏనుగును, కుక్కను ఒకే సూర్యుని క్రింద నిలిపినారు. ఐనను సమదర్శనము వేరు, సమవర్తనము వేరు. ఎండ అన్నిటిపై ఒక్కరీతిగా పడును. ఆవునకు గడ్డి, ఏనుగునకు చెరకు, కుక్కకు కూడు వేరువేరుగానే పెట్టవలెను. గర్భాలయశుద్ధికి ఏర్పడిన నియమము కుక్కపై ద్వేషముతో పుట్టినది కాదు.

భారతము ఈ విషయమున ఏమి చెప్పుచున్నదో చూడవలెను. ఆ మహాగ్రంథము దాదాపు కుక్కతో మొదలై కుక్కతో ముగియుచున్నది. ఇది చాలమంది గమనింపరు. ఆదిపర్వమున జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా సరమ కుమారుడైన కుక్కపిల్ల అచ్చటికి వచ్చెను. అది హవిస్సును చూడలేదు, నాకలేదు. రాజు తమ్ములు దానిని ఊరక కొట్టిరి. ఏ తప్పు చేసెనని కొట్టితిరని తల్లి వచ్చి అడుగగా ఎవరును బదులు పలుకలేదు. ఎదురుచూడని భయము నీకు కలుగునని ఆమె పలికి పోయెను. చక్రవర్తి ఆ మాటకు కలతపడి, శాంతి చేయింపదగిన పురోహితుని వెదకుచు బయలుదేరెను. నన్నయ తెనుగున కూడ ఈ కథ కలదు.

చివర మహాప్రస్థానము. ఆ కుక్కను పాండవులు పిలువలేదు. హస్తినాపురము వెడలునప్పుడు అయిదుగురు అన్నదమ్ములు, ద్రౌపది ఆరవది, కుక్క ఏడవది. తూర్పు సముద్రము, దక్షిణ తీరము, నీట మునిగిన ద్వారక, హిమవంతము, ఆ పైన వాలుకార్ణవమను ఇసుక సముద్రము - ఇన్నిటిని అది వారి వెనుక నడచి దాటెను. ద్రౌపది పడిపోయినది. సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిపోయిరి. కుక్క పడలేదు. ఇంద్రుడు రథముతో వచ్చి, శునకమును వదలి రథమెక్కుమనెను. కుక్కలు గలవారికి స్వర్గమున తావు లేదనియు, వారి ఇష్టాపూర్తఫలమును క్రోధవశులు హరింతురనియు అతడు చెప్పినది తేలిక మాట కాదు, అది శాస్త్రమే. భార్యను, తమ్ములను విడిచినవాడవు దీనిని విడువలేవా యని కూడ అడిగెను. వారు మరణించిన తరువాత విడిచితినే కాని బ్రతికియుండగా విడువలేదని ధర్మజుడు బదులు చెప్పెను. శరణాగతుని విడుచుట, స్త్రీవధ, బ్రాహ్మణుని సొత్తు హరించుట, మిత్రద్రోహము - ఈ నాలుగు పాపములు ఒక ఎత్తు, తన్ను నమ్మి వెంట వచ్చినదానిని విడుచుట ఒక ఎత్తు అనెను.

ఇక్కడి సూక్ష్మము ఇది. ధర్మరాజు ఈ శునకము నాతో రావలెనని మొదట అడిగెను. కూడదన్న తరువాత, నియమము తప్పని వాదింపలేదు. ద్వారము త్రోసికొని దానిని లోపలికి తీసికొనిపోవ జూడలేదు. తానే రథమెక్కక నిలిచెను. నియమమునకు భంగము లేదు, ఆశ్రితునికి భంగము లేదు. నష్టమంతయు తనపై వేసికొనెను. అది ధర్మదేవతయని అప్పటికి అతడెరుగడు. ఎరిగి నిలిచియున్నచో ఆ నిలుచుటకు విలువ లేదు. కోవెల ద్వారము వద్ద తగవులాడువారిని చూచిన ఈ భేదము తెలియును. కోవెల నియమమును వదలించుటకు వారు సిద్ధము; తమ దర్శనమును ఒక గడియ వదలుకొనుటకు మాత్రము సిద్ధపడరు.

దీనికి ప్రతిగా భాగవతము అయిదవ స్కంధమునుండి భరతుని కథ చూపువారుందురు. వారి ఆక్షేపణ బలమైనదే. రాజ్యమును విడిచి పులహాశ్రమమున తపస్సు చేయుచున్న భరతుడు, తల్లి చనిపోయిన లేడిపిల్లను జాలితో నదినుండి ఎత్తి పెంచెను. క్రమముగా అతని నియమములు ఒక్కొక్కటిగా జారిపోయినవి. మరణకాలమున లేడినే తలంచి లేడిగా పుట్టెను. జంతువుపై మమత యాత్రికునికి తగునా యని వారి ప్రశ్న. ఐతే భరతుని దోషము లేడిని కాపాడుటలో లేదు. అది కనబడకపోయినచో అతనికి ప్రాణము నిలువకుండెను. అది తనది యనుకొనెను. ధర్మరాజు కుక్కను తనదని అనలేదు. అది తన్ను నమ్మినదని అనెను. ఒకని చేతిలో పట్టు ఉన్నది. రెండవవాడు పట్టుకొనలేదు, విడువనూ లేదు. ఇంటి కుక్కకు పట్టుబట్టలు తొడిగి, జనసమ్మర్దములో చంకనెత్తుకొని ఫొటోలు తీయించుకొనువారు ధర్మరాజు పేరు చెప్పరాదు. వారిది భరతుని దారి. భరతునికున్న తపస్సు మాత్రము లేదు.

2019వ సంవత్సరము అక్టోబరు 31న 13 మంది అయ్యప్ప భక్తులు తిరుమలనుండి శబరిమలకు కాలినడకన బయలుదేరిరి. ఒక వీధికుక్క వారి వెంటబడెను. మొదట వారు దానిని గమనింపలేదు. ఎన్ని ఊళ్ళు దాటినను వెనుక అది కనబడుచునే యుండెను. నవంబరు నడుమ కర్ణాటకలోని చిక్కమగళూరు జిల్లా కొట్టిగెహార చేరునప్పటికి సుమారు 480 కిలోమీటర్లు నడచినది. తాము వండుకొన్నదానిలో దానికి కొంత పెట్టుచుండిరని పత్రికలు వ్రాసినవి. త్రాడు లేదు, మెడపట్టీ లేదు, పేరు లేదు.

అట్టి సహచర్యము సీమలో నిత్యము చూడదగినది. పంట కోసిన తరువాత గొఱ్ఱెల కాపరులు మందలను తోలుకొని మేత, నీరు ఉన్నచోటికి, కె.సి. కాలువ క్రింది మళ్ళ వైపు తరలివత్తురు. రాత్రి మందను రైతు చేనిలో నిలుపుదురు. ఆ ఎరువునకు రైతు ధాన్యమో రొక్కమో ఇచ్చును. కాపరికి నెలల తరబడి ఇల్లు లేదు. తోడేలు తిరుగు నేలలో ఆ మందకు కుక్కయే గోడ. కాపరి దానిని ముద్దాడడు, తిట్టుచునే యుండును; కాని తాను సంగటి తినునప్పుడు దాని ముద్ద దానికి పడును, కాలిలో ముల్లు విరిగినచో మంద ఆగును. ఏ పురాణము వినకయే అతడు ఈ హద్దు నేర్చినాడు.

బండ్లలో వచ్చు గృహస్థులకు ఆ హద్దు కొంత కొత్త. అద్దములు మూసిన కారులో కుక్కను ఎండకు వదలి దర్శనమునకు పోవువారున్నారు. శీతకాలమైనను సీమలో మధ్యాహ్నపు ఎండకు మూసిన బండి పొయ్యివలె కాగును. గడియలో ప్రాణము పోవచ్చును. మరికొందరు ప్రేమ ఎక్కువై, ఎగువ అహోబిలమునుండి భవనాశిని వెంబడి జ్వాలా నరసింహుని దారిలో దానిని కూడ ఈడ్చుకొనిపోవ జూతురు. అది నల్లమల అడవి. చిరుతపులికి కుక్క ఇష్టమైన ఆహారము. వెంట తీసికొనిపోవుటయే దయ కాదు. అన్నిటికంటె తక్కువగా తలపబడునది మరియొకటి కలదు. యాత్రలో మూడు దినములు వీధికుక్కకు బిస్కెట్లు వేసి వెంట త్రిప్పుకొని, నాలుగవనాడు బస్టాండులో తలుపు మూసికొని పోవుట. అది బండి వెనుక పరుగెత్తును. నిలుపుకొనలేనివాడు ఒక పూట కూడు పెట్టి అక్కడనే సాగిపోవలెను. తన వీధి విడిచి రానీయరాదు.

దంపతులు ఇద్దరున్నప్పుడు దేవుని కడపలో చిక్కు చిన్నదే. ఒకరు లోపలికి పోయి స్వామిని సేవించి వచ్చువరకు రెండవవారు వేపచెట్టు నీడన కుక్కతో నిలువవచ్చును. తరువాత వంతు మారును. రద్దీనాడు ఒకరికి దర్శనము తప్పినను తప్పవచ్చును. లోపలినుండి వచ్చిన తీర్థప్రసాదములు బయట నిలిచినవారికి అందును. ప్రసాదమును నేలపై వేయరాదు గనుక కుక్కకు అందులోనిది పెట్టనక్కరలేదు. బండిలో దానికై ఉంచిన జొన్నరొట్టె ముక్క, దొప్పెడు నీళ్ళు ముందుగా పెట్టి, తరువాత ప్రసాదము కన్నులకద్దుకొనవచ్చును.